ఏ లోపమూ లేని జీపు

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ఇలాగైతేనే ఈ మాట బయటికి వచ్చేలా ఉంది.

చాలా ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. పనిలో ఉన్నంతసేపు అది కదలదు. ఇంటికి కొత్తవాళ్లు ఎవరైనా వచ్చి, కాఫీలు అయ్యాక, మా ఆవిడ నవ్వుతూ మా పెళ్లి కథ మొదలుపెట్టినప్పుడు కదులుతుంది. ఆ కథ ఎప్పుడూ ఒకే మాటతో ముగుస్తుంది. "మా ఇద్దర్నీ కలపాలని దేవుడే ఆ జీపు ఆపాడండీ" అంటుంది కరుణ. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

జీపు ఆపింది దేవుడు కాదు. నేను.

ఇంతే అయితే మీరు కూడా నవ్వేసి ఊరుకునేవారు. వయసులో ఉన్నప్పుడు ఎవరు మాత్రం ఏదో ఒకటి చేయలేదు? కానీ ఆ జీపును బాగుచేసే మనిషి ఒకాయన ఉండేవాడు. మా అక్క భర్త. నేను ఇప్పుడు చెప్పాల్సింది ఆయన గురించి. ఇన్నేళ్లూ చెప్పకుండా దాటేసింది కూడా ఆయన గురించే.

బావ పేరు దేవదానం. ఎనభైల మొదట్లో చిలకలూరిపేటలో హైవే పక్కన ఆయనకు ఒక రేకుల షెడ్డు ఉండేది. అమ్మా నాన్నా పోయాక అక్క నన్ను తన దగ్గరికి తెచ్చుకుంది. పానా పట్టుకోవడం దగ్గర్నుంచి స్టీరింగు పట్టుకోవడం దాకా నాకు నేర్పింది బావే.

ఆయన పని చూడటానికే డ్రైవర్లు ఆగేవాళ్లు. బండి రాగానే బానెట్ ఎత్తి అన్నీ విప్పేయడం ఆయన పద్ధతి కాదు. ఇంజను స్టార్టు చేయించేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, దాని చెక్క పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. లారీలు పోతున్నా, పక్కన జిన్నింగు మిల్లు రొద పెడుతున్నా ఆ ముఖంలో ఒక నిశ్శబ్దం ఉండేది. తర్వాత కళ్లు తెరిచి "రెండో ప్లగ్గు" అనేవాడు. లేకపోతే "వాల్వు కొట్టుకుంటోంది" అనేవాడు. విప్పి చూస్తే అదే. మిల్లుల వాళ్ల జీపులు, పొగాకు కంపెనీల జీపులు, అన్నీ ఆ షెడ్డుకే వచ్చేవి. దేవదానం చెవి అని ఊళ్లో ఒక పేరుండేది. ఆయనకు ఆ పేరంటే ఇష్టం. పైకి చెప్పేవాడు కాదు గానీ, ఎవరైనా ఆ మాట అంటే గుడ్డతో చేతులు మరీ నిదానంగా తుడుచుకునేవాడు.

మా సంఘం పాస్టరు గారికి ఒక పాత పెట్రోలు జీపు ఉండేది. ఎప్పుడో ఒక మిషను దొరగారు స్వదేశం పోతూ వదిలి వెళ్లింది. మూలనపడి ఉన్నదాన్ని బావే ముక్కముక్కా విప్పి, మళ్లీ పేర్చి, నడిచేలా చేశాడు. అయ్యగారు అద్దంకి వైపు పల్లెల్లో ప్రార్థనలకు తిరగడానికి డ్రైవరు కావాలంటే, బావ నన్ను చూపించాడు. "మా వాడేనండి. బండి సంగతి వాడికి తెలుసు" అన్నాడు. ఆ ఒక్క మాట మీద నాకు ఉద్యోగం వచ్చింది.

పాత బండి అంటే మీకు తెలుసు కదా. బ్రేకు కొడితే ఒక పక్కకు లాగేది. రేడియేటరు అతుకుల దగ్గర చెమర్చేది. స్టీరింగులో బోలెడంత వదులు. వాటన్నిటినీ నేను మనిషి అలవాట్లలాగే భరించేవాణ్ణి. ఎండలు ముదరడం మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం, నల్లరేగడి చేల మధ్య, అది నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది. ఎదురుగా ఒక బడి. ఆ ఊరి పేరు చెప్పను.

ఆ మొదటిసారి మాత్రం అది నిజంగానే ఆగింది. ఈ మాట మీరు నమ్మాలి.

బడి టీచరు బకెట్టుతో నీళ్లు తెచ్చింది. తెల్ల చీర, చేతికి సుద్దముక్క పొడి. నేను గుడ్డ తడిపి ఇంజను పక్కనున్న పెట్రోలు పంపు మీద చుట్టాను.

"ఏమైందండీ దీనికి?" అని అడిగింది.

"వేడికి పైపులో పెట్రోలు ఆవిరైపోయిందండి. చల్లబడితే అదే కదుల్తుంది."

"ఓహో. మాకైతే వడదెబ్బ అంటాం" అని నవ్వింది.

కాసేపటికి ఇంజను అందుకుంది. మేము వెళ్లిపోయాం. అద్దంలో చూస్తే ఆమె ఖాళీ బకెట్టుతో ఎండలోనే నిలబడి ఉంది. ఎండమావిలో చీర అంచు నీళ్ల మీద ఉన్నట్టు ఊగింది. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే మొదట కనిపించేది అదే.

సాయంత్రం బావకు చెప్పాను. ఆయన పెట్రోలు పైపును ఇంజను వేడి తగలని పక్కకు మళ్లించి, మందంగా తాడు చుట్టి, "ఇంక ఆగదు పో" అన్నాడు. ఆగలేదు. తర్వాతి వారాల్లో అదే ఎండ, అదే దారి, జీపు ఆ బడి ముందు నుంచి జారిపోయినట్టు వెళ్లిపోయింది. నాకు దుమ్ములోంచి ఒక కిటికీ కనిపించేది, అంతే. బావ పనితనం మీద నాకు కోపం రావడం అదే మొదటిసారి.

తర్వాత ఒకరోజు, అయ్యగారు పక్క సీట్లో కునుకు తీస్తున్నారు. బడి కనిపించింది. తాళం చెవి నా మోకాలి దగ్గరే ఉంది. నా చెయ్యి దాన్ని వెనక్కి తిప్పింది. నేను తిప్పాను అని రాయాలి. తిప్పాను. ఇంజను ఆగింది. జీపు చప్పుడు లేకుండా దొర్లుకుంటూ వెళ్లి బడి ముందు నిలిచింది.

బానెట్ ఎత్తాను. అయ్యగారు లేచి ఒకసారి స్టార్టరు నొక్కి చూస్తారని నాకు తెలుసు. అందుకని డిస్ట్రిబ్యూటరు మూత తీసి, లోపల తిరిగే రోటరును లాగి చొక్కా జేబులో వేసుకున్నాను. బొటనవేలంత ఉంటుంది ఆ ముక్క. అది లేకపోతే ప్లగ్గులకు కరెంటు అందదు. మూత బిగించేస్తే బయటికి ఏమీ తెలియదు. అయ్యగారు నొక్కారు. ఇంజను మూలిగింది, అందుకోలేదు. "అయ్యో" అంటూ ఆయన వెళ్లి బడి అరుగు మీద నడుం వాల్చారు.

ఆ మధ్యాహ్నాల గురించి ఎలా చెప్పను? లోపల పిల్లలు ఎక్కాలు చదువుతుండేవాళ్లు, ఒకే గొంతుతో, నిద్రలో పలికినట్టు. రోడ్డుకు అవతల కళ్లంలో మిరపకాయలు ఆరబోసి ఉండేవి. ఎండ పెరిగేకొద్దీ ఆ ఎరుపు నేల మీంచి లేచి గాల్లోకి వచ్చినట్టుండేది. పత్తి లారీలు పోయిన దారి పొడుగునా తుమ్మచెట్ల ముళ్లకు తెల్లటి దూది పింజలు. మిరప ఘాటుకు ఇద్దరం తుమ్మేవాళ్లం, నవ్వుకునేవాళ్లం. కరుణ తన ఊరి గురించి చెప్పేది, నేను ఇంజను గురించి చెప్పేవాణ్ణి. జేబులో రోటరు నా ఒంటి వేడికి వెచ్చగా ఉండేది. కాలాన్ని జేబులో పెట్టుకున్నట్టుండేది. పొద్దు వాలాక దాన్ని మళ్లీ పెట్టేసి, ఒక్క నొక్కుతో స్టార్టు చేసేవాణ్ణి. "నీ చెయ్యి మంచిదిరా" అనేవారు అయ్యగారు.

వెళ్లిన ప్రతిసారీ చేయలేదు. కొన్నిసార్లు చేశాను. ఎవరికి నష్టం అనుకున్నాను. అయ్యగారికి విశ్రాంతి. నాకు ఆమె. జీపుకు కూడా విశ్రాంతే. ఆ లెక్కలో బావను వేసుకోలేదు. ఎలా మరిచిపోయాను? అది మరుపేనా? జీపు ఆగితే బాధ్యత ఎవరి మీద పడుతుందో నాకు తెలియదా?

ఒక ఉదయం అయ్యగారు షెడ్డుకు వచ్చారు. అక్కడ ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు కూడా ఉన్నారు.

"ఏం దేవదానం, నీ రిపేరు నిలవడం లేదేమిటయ్యా?" అన్నారు. తిట్టినట్టు కాదు. మామూలుగానే.

బావ ముఖం నేను చూశాను. ఆ మాట ఆయనతో అంతకు ముందు ఎవరూ అనలేదు. స్క్రూడ్రైవరు తీసుకుని ఇంజను మీద ఆనించి కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు విన్నాడు. "బండి బాగానే ఉందండి" అన్నాడు.

తర్వాత వారం జీపు మళ్లీ ఆగింది.

బావ కాయిల్ మార్చాడు. కండెన్సరు, పాయింట్లు మార్చాడు. కార్బురేటరు విప్పి జెట్లు ఊది కడిగాడు. ట్యాంకు దింపి తుప్పు దులిపాడు. వైర్లన్నీ ఒక్కొక్కటే చేత్తో తడిమి చూశాడు. నేను పక్కనే ఉండి పానాలు అందించాను. లేనిదాన్ని ఆయన వెతుకుతున్నాడు, లేదని తెలిసిన నేను ఏ సైజు కావాలంటే ఆ సైజు చేతికి ఇస్తున్నాను. ఇది రాయకుండా దాటేయాలనిపిస్తోంది. అయినా రాస్తాను.

ఒకసారి ఆయన కూడా మాతో బయల్దేరాడు. వెనక సీట్లో కూర్చుని దారంతా కళ్లు మూసుకుని విన్నాడు. ఆ రోజు జీపు ఆగలేదు. తిరిగొచ్చాక దిగి, బానెట్ మీద చెయ్యి వేసి, "నేనుంటే ఆగదు. లేకపోతే ఆగుద్ది. ఇదేం రోగంరా దీనికి?" అని నవ్వాడు.

అక్కడ ఆపేయాల్సింది. అంత మంచి అవకాశం మళ్లీ రాలేదు. ఏదో సర్దుకుందిలే అని అందరూ అనుకునేవాళ్లు, ఆయన పేరు ఆయనకు మిగిలేది. కానీ అంతకు ముందు కలిసినప్పుడు కరుణ, నా వైపు చూడకుండా, "మళ్లీ ఎప్పుడు ఆగుతుందండీ మీ జీపు?" అని అడిగింది. ఆ ప్రశ్న చెవుల్లో తిరుగుతుంటే మళ్లీ ఆపాను. ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్న కారణం అది. ఇవాళ అంతటితో సరిపెట్టుకోలేను. నాకు అన్నీ నేర్పిన మనిషికి అందనిది ఒకటి నా దగ్గర ఉందన్న గర్వం అందులో కలవలేదా? "దేవదానం కంటే వీడే నయం" అని అయ్యగారు నలుగురిలో అన్నప్పుడు నేను తల దించుకున్నాను. వినయంతో అనుకున్నారు వాళ్లు. లోపల నాకు తియ్యగా ఉంది.

బావ చెవిలో వేలు పెట్టి కదిలించుకోవడం మొదలుపెట్టాడు. గుంటూరు వెళ్లి డాక్టరుకు చూపించుకున్నాడు. డాక్టరు చెవులు శుభ్రంగా ఉన్నాయన్నాడు. ఆ మాట ఆయన నమ్మలేదు. అప్పట్నుంచి పని తీరే మారిపోయింది. ఏ బండి వచ్చినా విన్నాక మళ్లీ వినేవాడు. ఇదేనని అనేవాడు, కాదేమో అనేవాడు. బాగున్న ఇంజన్లు కూడా విప్పి నేల మీద పరిచేవాడు. డ్రైవర్లకు ఓపిక ఎక్కడిది? పాస్టరు గారి జీపే పట్టుకోలేకపోయాడట అన్న మాట హైవే పొడుగునా పాకింది. మిల్లుల జీపులు ముందున్న వేరే షెడ్డుల దాకా వెళ్లి ఆగడం మొదలైంది.

మా పెళ్లి అయ్యగారే కుదిర్చారు. పెళ్లి ప్రసంగంలో జీపు గురించి చెప్పి గుడి అంతా నవ్వించారు. ముందు వరసలో కూర్చున్న బావ అందరికంటే గట్టిగా నవ్వాడు. పెళ్లి తర్వాత జీపు ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు. అది కూడా దేవుడి పనే అన్నారు.

ఆయనకు అనుమానం రాలేదా అని మీరు అడగవచ్చు. నన్ను నేనే అడిగాను. నన్ను అనుమానించాలంటే ముందు నన్ను పరాయివాడిగా చూడాలి. ఆయనకు అది చేతకాలేదు.

ఏడాది తిరిగేసరికి షెడ్డు మూతపడింది. ఆ రోజు నేను సామాను సర్దడానికి వెళ్లాను. ఆయన పానాల పెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఏరా, ఇవి నువ్వు ఉంచుకో."

"నాకెందుకు బావా? నువ్వుండగా."

"నా చెవి పోయిందిరా. బండి ఏదో చెబుతానే ఉంటది, నాకు అందట్లేదు. ఆ జీపును లేపి నిలబెట్టింది నేను. అయినా అది నీ మాటే వింటది."

"పాత బండి బావా. పాత బళ్లు అంతే."

"కాదురా. దాంట్లో ఏదో ఉంది. ఇప్పుడైనా చెప్పు, నువ్వెట్టా స్టార్టు చేసేవాడివి? ఏం చేసేవాడివి?"

నిజం తెలుసుకోవాలని అడిగాడు. తప్పు పట్టాలని కాదు. పనివాడు పనివాణ్ణి అడిగినట్టు అడిగాడు. షెడ్డులో ఇంకెవరూ లేరు. బయట లారీలు కూడా లేవు. నేను నోరు తెరిచాను.

"ఏం లేదు బావా. కాసేపు చల్లారనిచ్చేవాణ్ణి."

ఆయన పెట్టె మూత వేశాడు. "అంతేనా" అన్నాడు. "నాకు ఆ మాత్రం ఓపిక లేకపోయింది."

పెట్టె తీసుకుని వచ్చేశాను.

ఆయన స్పిన్నింగు మిల్లులో మిషన్లకు నూనె పెట్టే పనిలో చేరాడు. ఎలాగూ వినపడని చెవికి రొదైతే ఏం అని అక్కతో అన్నాడట. ఆ రొదలో ఏళ్లు గడిచాయి. చివరికి ఆ చెవులు నిజంగానే పోయాయి. నా అబద్ధం వల్ల ఆయన నమ్మింది అలా నిజమైంది. అక్క మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లింది. సాయంత్రం ఇంటికొచ్చాక చేతులు మంటకు మజ్జిగలో ముంచుకుని కూర్చునేది, పిల్లల్ని ఎత్తుకోవడానికి భయపడేది, ఆ ఘాటు వాళ్ల కళ్లకు తగులుతుందని. నేను ఆ పానాలతో సొంత షెడ్డు పెట్టుకున్నాను. బాగా నడిచింది. అక్క వాళ్లకు అవసరం వచ్చినప్పుడల్లా నిలబడ్డాను, కాదనను. కానీ ఏ బియ్యం బస్తా దించినా, వాళ్ల పిల్లల్ని ఏ బడిలో చేర్చినా, అది సాయంగానే లెక్కకొచ్చింది. "బామ్మర్ది అంటే నువ్వేరా" అనేవాడు బావ. ఆ మాట కూడా తీసుకున్నాను.

పండగలకు అందరం కలిసేవాళ్లం. కరుణ పెళ్లి కథ చెప్పేది. బావకు వినిపించేది కాదు. అందరి ముఖాలూ చూస్తూ, వాళ్లు నవ్వగానే తనూ నవ్వేవాడు. ఒక్క క్షణం ఆలస్యంగా.

ఆయన పోయినప్పుడు సమాధి దగ్గర నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. నేను ఆయన చెవి గురించి చెప్పాను. స్క్రూడ్రైవరు పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునే ఆ ముఖం గురించి చెప్పాను. అలాంటి పనివాణ్ణి మళ్లీ చూడలేదన్నాను. అది నిజమే. చాలామంది ఏడ్చారు. చెప్పాల్సింది ఇంకొక్క మాటే ఉంది. అక్కడ మట్టి వాసన, పక్క చేలోంచి గాలి, తెల్ల బట్టల్లో జనం, అన్నీ చాలా దూరంగా, నీళ్ల అడుగున ఉన్నట్టు అనిపించాయి. "ఆమేన్" అని పక్కకు జరిగాను.

తిరిగి నడుస్తుంటే అక్క నా మోచెయ్యి పట్టుకుంది.

"ఆ మాటలేవో ఆయన ఉండగా చెప్పి ఉంటే ఎంత పొంగిపోయేవాడురా" అంది.

పొగడ్త గురించి అంది. నాకు అలా వినపడలేదు.

అక్క ఇంకా ఉంది. ఆమెకు చెప్పాలి. చెబితే తమ్ముడు పోతాడు ఆమెకు. కరుణకు చెప్పాలి. చెబితే దేవుడు ఆపిన జీపు పోతుంది. వాళ్ల కోసమే ఆగుతున్నానా, నా కోసమా? చెప్పే ధైర్యం నాకు ఎప్పటికైనా వస్తుందా? రాస్తున్నంతసేపూ అడుగుతూనే ఉన్నాను. మిమ్మల్ని క్షమించమని అడగడం లేదు. అది మీ చేతిలో ఉన్నది కాదు, ఆయన దగ్గర అడగాల్సిన రోజు నేను పెట్టె మోసుకుని వచ్చేశాను.

కానీ ఎవరో ఒకరికి తెలియాలి. ఆ జీపులో ఏ లోపమూ లేదు. దాన్ని పూర్తిగా బాగుచేసి ఇచ్చాడు దేవదానం. బండి బాగానే ఉందని ఆయన మొదటిరోజే చెప్పాడు, సరిగ్గా విని చెప్పాడు. దాన్ని ఆపింది నేను. ఆపి, ఆయన చేత వెతికించింది నేను. ఆయన అడిగినప్పుడు అబద్ధం చెప్పింది నేను.

ఇది ఇప్పుడు మీకు తెలుసు. నా ఒక్కడికే తెలిసి ఉన్న రోజులు ఇవాళ్టితో అయిపోయాయి.